కొలత

మా నాన్న పేరు ఏసుపాదం.
గుంటూరు బ్రాడీపేటలో, నాలుగో లైను మలుపున
ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గొడుగు, ఆరె, రంపె, మైనం దారం.
పాత పేపరు మీద మనిషిని నిలబెట్టి
పాదం చుట్టూ పెన్సిలు నడుపుతాడు.
ముఖాలు గుర్తుండవు ఆయనకి.
"ఎవరమ్మా, మడమ లోపలికి వాలే ప్లీడరుగారా?" అంటాడు.

నేను అమరావతి మ్యూజియంలో కాపలా.
నా గదిలో, అద్దం వెనక
లేతపచ్చ సున్నపురాయి పలక.
రెండు పాదాలు. అరికాళ్ళ నడుమ చక్రాలు.
పైన మనిషి లేడు.
ఆయన రూపం చెక్కకూడదనుకున్న కాలంలో
నడిచి వెళ్ళాడని చెప్పడానికి
ఇవి చాలనుకున్నారట.
తర్వాత ఎవరు ఎప్పుడు మరిచారో.

ఏటి ఒడ్డున ఒక దొడ్లో దొరికింది.
చాకలి సాంబ్రాజ్యం ముప్పై ఏళ్ళు
దాని మీదే దుప్పట్లు బాదింది.
ఒకనాడు ఎవరో పెద్దాయన వంగి చూసి
"విష్ణుపాదాలు!" అన్నాడు.
సాయంత్రానికి పసుపు, కుంకుమ, అరటిపళ్ళు.
సాంబ్రాజ్యానికి వేరే బండ చూపించారు.
ఆకుల మధ్య ఇంకా కాస్త పసుపుంది,
ఆఫీసరుగారు బ్రష్షుతో ఎంత దులిపినా.

ఏప్రిల్ పద్నాలుగున నీలం కండువాల కుర్రాళ్ళొస్తారు.
గదిలోకి రాగానే గొంతులు తగ్గుతాయి.
వాళ్ళలో ఒకడు, మా పేటవాడే,
"అక్కా, ఇది మనదే తెలుసా" అన్నాడు.
ఏ మన అని నేను అడగలేదు.
స్కూలు పిల్లయితే "టీచర్, జెండా!" అని అరిచింది.
దూరదేశపు సన్యాసిని అద్దానికి నుదురానించి పోతే
ఆ మరక తుడవడం నా డ్యూటీ.
బస్టాండులో పంచే ప్లాట్ల కరపత్రం మీద కూడా
ఇదే చక్రం. గజం రేటు కింద.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక
నాన్న బస్సెక్కి వచ్చాడు, నా ఉద్యోగం చూద్దామని.
గుమ్మం దగ్గరే చెప్పులిప్పాడు.
ఇక్కడ విప్పక్కర్లేదు నాన్నా అంటే
"పని చూడ్డానికొచ్చా" అన్నాడు.

పలక ముందు గొంతుక్కూచున్నాడు.
చాలాసేపు.
"పదకొండో నంబరు దాటుద్ది.
ఎడమా కుడీ ఒకటే అచ్చు, ఎవురికుంటాయే అట్టా?
చెక్కినోడు గొప్పోడే గానీ
ఈ కాలు బరువు మొయ్యలేదు.
మోసిన కాలు ఇట్టా పరుచుకోదు."

నాకు కోపమొచ్చింది, ఎందుకో.
జీతమిచ్చే రాయి కదా.

అప్పుడాయన తల ఓ పక్కకి వంచి
"ఇదుగో, ఇక్కడ" అన్నాడు.
కుడి మడమ, బయటి అంచు.
చక్రంలో నాలుగాకులు చెరిగి నున్నగా ఉన్నచోటు.
నేను రోజూ చూసి, పాడైందనుకున్న చోటు.
"ఇది అరుగుదల.
ఉతికినామె కుడిచేతి వాటం.
ఈ కాస్తే నడిచింది, అమ్మాయ్."

బోర్డు మీద రెండు వేల ఏళ్ళని రాసుంది.
సాంబ్రాజ్యం పేరు లేదు.
నేను రాయలేను, నా సంతకం హాజరు పట్టీ దాకానే.

రాత్రి ఇంటికొచ్చాక
కిందటి వారం పేపరు నేల మీద పరిచి
నిలబడు నాన్నా అన్నాను.
డెబ్బై ఏళ్ళలో ఆయన కాలు ఎవరూ కొలవలేదు.
వేసుకునేవి ఎవరో బాగుకిచ్చి
తీసుకెళ్ళని జత.

పెన్సిలు చిటికెనవేలు తిప్పి మడమకొచ్చేసరికి
అరికాలి నడుమ, గుండ్రంగా,
గట్టిగా ఒక ఆనెకాయ వేలికి తగిలింది.
అలా ఆగిపోయాను.
"చక్కిలిగిలి పెట్టకే!" అని
కాలు లాక్కున్నాడు.
గీత వంకరపోయి
ధరల పట్టీలో మిర్చి మీదుగా
కాగితం అంచు దాటింది.